రొయ్యల గుంటకు నీటిశుద్ధి: ఏ పద్ధతిని ఎన్నుకొనవలెను?

నెల్లూరు తీరమున రొయ్యలను పెంచు రైతునకు మేతకంటె, పిల్లకంటె కూడ ముఖ్యమైనది నీరు. మాగాణిలో ఒక తడి తప్పినను వరి పైరు కోలుకొనును. గుంటలో ఒక్క రాత్రి నీరు చెడినచో మూడు నెలల శ్రమ, పెట్టుబడి తెల్లవారునప్పటికి పోవచ్చును. అందుచేతనే నీటిని బాగుచేయునని చెప్పు మందులు, పొడులు, సీసాలు, యంత్రములు రైతు గడపకు వచ్చుచున్నవి. వీనిలో ఏది కొనవలెను, ఏది మానవలెనని రైతులు తరచు అడుగుచున్నారు.

ఈ ప్రశ్నకు ముందు అడుగవలసిన ప్రశ్న మరొకటి కలదు: "నా నీటిలో ఉన్న దోషమేది?" అన్ని దోషములను పోగొట్టు సాధనము ఒకటి లేదు. ఒక దోషమునకు తగిన పద్ధతి మరియొక దోషమునకు పనికిరాదు. దోషము తెలియక సాధనము కొనుట రోగము తెలియక మందు మ్రింగుట వంటిది.

గతము నేర్పిన పాఠము

ఈ తీరమున టైగరు రొయ్య సాగు 1980-90 మధ్య కాలము చివర మొదలై, 1990 తరువాత మిక్కిలి వేగముగ పెరిగినది. ఉప్పుటేళ్ళ వెంట, బకింగ్‌హామ్ కాలువ వెంట గుంటల ప్రక్కన గుంటలు లేచినవి. ఒకరు నీరు తోడుకొను చోటనే మరొకరు మురుగు వదలిరి. 1994లో తెల్లమచ్చల వ్యాధి వచ్చినప్పుడు ఆ వైరసు నీటితో పాటు ఒక గుంట నుండి మరొక గుంటకు ప్రాకినది. అప్పటి నష్టమునకు వ్యాధి ఎంత కారణమో, శుద్ధిలేని నీటి రాకపోకలు అంత కారణము.

త్రాగునీటి బావులు ఉప్పబారుట, పొలములు చవుడెక్కుట వంటి ఫిర్యాదులు కూడ ఆ కాలముననే తీరప్రాంతములందు తలెత్తినవి. తమిళనాడు సర్వోదయ నాయకులు శ్రీ ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇచ్చి, తీరప్రాంతపు రొయ్యలసాగుపై గట్టి కట్టుబాట్లు విధించినది. తరువాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమును చేసినది. 2009 నుండి వనామి రొయ్య సాగునకు అనుమతి లభించినది. రకము మారినను నీటి ధర్మము మారలేదు. నాడు చెరుపు చేసిన దోషములే నేడును చెరుపు చేయును.

నీటిలోని దోషములు నాలుగు

1. మడ్డి: ఒండ్రు, బురద, కుళ్ళిన ఆకు, మేత తునకలు. ఇవి కంటికి కనిపించును.

2. జీవులు: పీతలు, అడవి రొయ్యలు, చిన్నచేపలు, వాని గ్రుడ్లు, పిల్లలు. ఇవి మేతను తినివేయును. అంతకంటె ముఖ్యముగ, పీతలు, అడవి రొయ్యలు వైరసును మోసికొని వచ్చును.

3. రోగక్రిములు: వైరసులు, విబ్రియో వంటి బాక్టీరియాలు. ఇవి కంటికి కనిపించవు.

4. కరగిన విషములు: అమ్మోనియా, నైట్రైటు, కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయు హైడ్రోజన్ సల్ఫైడు. ఇవియు కంటికి కనిపించవు. వీనిలో పెక్కుభాగము బయటి నుండి రాదు, గుంటలోనే పుట్టును.

మొదటి మూడు దోషములను నీరు గుంటలోనికి రాకముందు తొలగించవలెను. నాలుగవ దానిని పంట ఉన్నంతకాలము గుంటలోనే అదుపు చేయవలెను. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో ఎన్నిక సగము తేలికయగును.

తేట నీరు వేరు, మంచి నీరు వేరు

మన పెద్దలు కలక నీటిలో చిల్లగింజను అరగదీసి తేటపరచెడివారు. పటిక వేసినను మడ్డి అడుగున చేరును. అయితే ఇట్లు తేటపడిన నీటిలో అమ్మోనియా ఉన్నదున్నట్లే ఉండును. ఉప్పు ఉన్నదున్నట్లే ఉండును.

దీనిని ఇంటిలోని అద్దపు చేపల తొట్టిలో ఎవరైనను చూడవచ్చును. క్రొత్త తొట్టిలో నీరు పోసి, వెంటనే నిండుగ చేపలను వదలి, మేత వేసినచో నీరు తేటగనే ఉండును. అయినను కొద్ది దినములలోనే చేపలు పైకి వచ్చి నోరు తెరచుచు చనిపోవును. చేపలు విడుచు అమ్మోనియా పేరుకొనుటయే కారణము. అదే తొట్టిలో స్పంజి వడపోతను అమర్చి, కొద్ది చేపలతో ఆరంభించి, మూడు మొదలు ఆరు వారములు ఓపిక పట్టినచో స్పంజిపై సూక్ష్మజీవులు స్థిరపడును. వానిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగను, మరియొక తెగ నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రేటు వలన చెరుపు మిక్కిలి తక్కువ. స్పంజి జల్లెడగ చేయు పనికంటె ఈ జీవులకు ఇల్లుగ చేయు పని గొప్పది. గుంటలో ఈ పనిని నేల, నీటిలోని నలుసులు, గట్టు అంచులు చేయుచుండును.

మీ నీరు ఎచ్చటి నుండి వచ్చుచున్నది?

ఉప్పుటేరు, కాలువ నీరు: కృష్ణపట్నము వద్ద కండలేరు ఉప్పుటేరు, పెన్న ముఖద్వారము, బకింగ్‌హామ్ కాలువ వెంబడి ఉన్న రైతులకు ఈ నీరే ఆధారము. దీనిలో పైన చెప్పిన నాలుగు దోషములును ఉండవచ్చును. ఎగువనున్న గుంటల మురుగు కూడ దీనిలోనే కలియును. మన తీరమున వాన ఎక్కువభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములతో వచ్చును. అప్పుడు నీరు చప్పబడి, కలక ఎక్కువగును. మే, జూన్ మాసములందు ఉప్పు పెరుగును. కాబట్టి ఒక కాలమున చేసిన పరీక్ష మరొక కాలమునకు చెల్లదు.

సముద్రపు నీరు: ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు ఉండును. సాధారణముగ మడ్డి, మురుగు తక్కువ. మైపాడు వంటి తీరగ్రామములలో సముద్రమునకు చేరువగనున్నవారికి ఇది అందును. అయినను వడకట్టక వాడరాదు.

బోరు నీరు: దీనిలో పీతలు, అడవి రొయ్యలు ఉండవు గనుక వైరసు భయము తక్కువ. కాని ప్రాణవాయువు దాదాపు ఉండదు. ఇనుము, అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడు ఉండవచ్చును. తోడిన కొంతసేపటికి నీరు తుప్పురంగునకు తిరిగినచో ఇనుము ఉన్నదని తెలియవలెను. పొటాషియము సముద్రపు నీటితో పోల్చగా తరచు తక్కువగ ఉండును. త్రాగునీటి బావులున్న చోట రొయ్యల కొరకు ఊటనీటిని తోడినచో ఊరి బావులు ఉప్పబారును. అట్టి చోట బోరు త్రవ్వరాదు.

నీరు తోడుటకు ముందు ఉప్పదనము, పి.హెచ్., క్షారత, అమ్మోనియా, ఇనుము పరీక్ష చేయించవలెను. వనామికి పి.హెచ్. 7.5 మొదలు 8.5 వరకు, క్షారత లీటరుకు 100 మిల్లీగ్రాములకు పైన, ప్రాణవాయువు 4 మిల్లీగ్రాములకు తగ్గక ఉండుట మంచిది. పరీక్షకు అగు ఖర్చు ఒక్క మూట మేత ఖరీదుకు కూడ రాదు.

పద్ధతులు, వాని గుణదోషములు

1. వల సంచితో వడకట్టుట

పంపు మూతికి మొదట పెద్ద కన్నుల వలను, తరువాత అంగుళమునకు 60 కన్నులు గల సన్నని వలను రెండు పొరలుగ కట్టవలెను. ఈ సన్నని వల కన్ను సుమారు 250 మైక్రాన్లు ఉండును. ఇది పీతలను, చేపపిల్లలను ఆపును. తెల్లమచ్చల వైరసు ఈ కన్నుకంటె సుమారు వేయి రెట్లు చిన్నది. కాబట్టి వల వైరసును ఆపదు. వైరసును మోయు జీవులను మాత్రము చాలవరకు ఆపును. వలను దినదినము చూచుకొని, చిరిగిన వెంటనే మార్చవలెను. ఒక్క చిరుగు చాలును, వల లేనట్లే.

ఖర్చు స్వల్పము. ఇది ఎవరును మానరాని పద్ధతి.

2. నిల్వ గుంటలో తేర్చుట

తోడిన నీటిని నేరుగ సాగు గుంటలోనికి వదలక, వేరుగ ఒక నిల్వ గుంటలో ఉంచవలెను. కొద్ది దినములలో ఒండ్రు అడుగున చేరును. వైరసు తనకు ఆశ్రయమిచ్చు జీవి లేక నీటిలో ఎక్కువ దినములు బ్రతుకజాలదు. కాబట్టి వడకట్టి నిల్వ చేసిన నీటిలో రోగభయము కొంత తగ్గును. బోరు నీరైనచో ఒకటి రెండు దినములు ఏరేటరు త్రిప్పి ఉంచినయెడల ప్రాణవాయువు చేరును, దుర్వాయువులు పోవును, ఇనుము తుప్పుగ విడివడి అడుగుకు దిగును.

"నాలుగు ఎకరములలో ఒక ఎకరము నిల్వకు విడిచిన పంట తగ్గదా?" అని రైతులు అడుగుదురు. తగ్గును. కాని ఏటిలో మురుగు వచ్చిన దినమున, ఎగువ గుంటలలో రోగము తగిలిన దినమున తూము మూసికొని కూర్చుండగలుగువాడు నిల్వ గుంట ఉన్న రైతు ఒక్కడే. మిగిలినవారు చెడు నీటినైనను తోడుకొనవలసినదే, లేక నీరు లేక అవస్థపడవలసినదే. విస్తీర్ణములో నాలుగవ వంతు నిల్వకు విడుచుట ఈ భద్రతకు మూల్యము.

3. బ్లీచింగు పొడి

రోగక్రిములను, వానిని మోయు జీవులను చంపుటకు గుంటల యందు వాడదగిన ముఖ్యమైన సాధనమిది. దీని బలమంతయు అందలి క్లోరినులో ఉన్నది. మంచి పొడిలో క్లోరిన్ 30 శాతము లేక అంతకు పైన ఉండును. మూట విప్పి ఉంచినచో, తేమ తగిలినచో ఆ బలము తగ్గిపోవును.

లెక్క ఇట్లు కట్టవలెను. ఒక ఎకరము 4,047 చదరపు మీటర్లు. నీరు ఒక మీటరు లోతు ఉన్నచో 4,047 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 20 గ్రాముల క్లోరిన్ చొప్పున సుమారు 81 కిలోలు కావలెను. పొడిలో 30 శాతము క్లోరిన్ ఉన్నచో 270 కిలోల పొడి పట్టును. పొడి పాతబడి 20 శాతమే ఉన్నచో 405 కిలోలు పట్టును. పాతపొడిని చౌకగ కొన్న రైతు, క్రొత్త పొడి లెక్కన 270 కిలోలే వేసినచో అతని గుంటలో చేరిన క్లోరిన్ 54 కిలోలు మాత్రమే. క్రిములు చావవు, ఖర్చు దండుగ. కాబట్టి మూటపై ముద్రించిన తేదీని, బలమును చూచి కొనవలెను.

వేయునప్పుడు పాటించవలసినవి:

(అ) ముందుగ వడకట్టి, మడ్డిని తేర్చవలెను. బురద, కుళ్ళు క్లోరినును తామే తినివేయును, క్రిములకు మిగులదు.

(ఆ) ముందుగ సున్నము వేయరాదు. పి.హెచ్. పెరిగిన కొలది క్లోరిన్ బలము తగ్గును. సున్నము అవసరమైనచో క్లోరిన్ పోయిన తరువాత వేయవలెను.

(ఇ) ఎండ క్లోరినును హరించును గనుక సాయంకాలము వేయవలెను. పొడిని నీటిలో కలిపి గుంట అంతట చల్లి, ఏరేటర్లు త్రిప్పవలెను.

(ఈ) చల్లువారు ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, గాలి వీచు దిక్కుకు వీపు పెట్టి నిలువవలెను. యాసిడ్, డీజిల్, ఎరువులు ఉన్న గదిలో ఈ పొడిని ఉంచరాదు.

(ఉ) క్లోరిన్ పూర్తిగ పోయినదని పరీక్ష చుక్కలతో చూచిన తరువాతనే పిల్లను వదలవలెను. ఎండ, ఏరేటర్ల వలన కొద్ది దినములలో అది పోవును. దినములు లెక్కించి ఊరకుండక, పరీక్షనే నమ్మవలెను. తొందరయున్నచో హైపో అను సోడియం థయోసల్ఫేటును మిగిలిన క్లోరిన్ ఒక పాలునకు సుమారు 7 పాళ్ళు వేసి విరుగగొట్టవచ్చును.

రొయ్యలున్న గుంటలో అమ్మోనియా పెరిగినదని బ్లీచింగు వేయరాదు. ఆ మోతాదు క్రిమితో పాటు రొయ్యను కూడ చంపును. నీటిలోని జీవులను చంపుటకు పురుగు మందులను వాడుట అంతకంటె చెడ్డది. వాని విషము బురదలో నిలిచి, పంటకును, తినువారికిని, ఏటిలోని చేపకును హాని చేయును.

4. ప్రాణవాయువు, సూక్ష్మజీవులు

పంట పెరుగు కాలమున గుంటలోనే పుట్టు విషములకు ఇదియే విరుగుడు. దీని వెనుక లెక్కను రైతు తెలిసికొనవలెను. 35 శాతము మాంసకృత్తులున్న మేత 100 కిలోలలో నత్రజని 5.6 కిలోలు ఉండును. అందులో రొయ్య ఒంటికి పట్టునది సుమారు మూడవ వంతుకు మించదు. మిగిలిన నాలుగు కిలోలు నీటిలో, బురదలో చేరును. ఆ నాలుగు కిలోలను అమ్మోనియా నుండి నైట్రేటుగ మార్చుటకు సూక్ష్మజీవులు సుమారు 18 కిలోల ప్రాణవాయువును, 28 కిలోల క్షారతను ఖర్చు చేయును. ఇది ఒక్క దినపు మేత లెక్క.

కాబట్టి ఏరేటరు రొయ్య ఊపిరికి మాత్రమే కాదు, నీటిశుద్ధికిని అదియే యంత్రము. ఏరేటరు చాలని గుంటలో ఖరీదైన సూక్ష్మజీవుల పొడులు పోసినను వానికి ఊపిరి ఉండదు, పని జరుగదు. క్షారతను పదునైదు దినములకొకసారి పరీక్షించి, తగ్గినచో డోలమైటు గాని, సోడియం బైకార్బొనేటు గాని వేయవలెను.

అన్నిటికంటె చౌకయైన శుద్ధి మేతను తగ్గించుట. చెక్‌ట్రేలో మేత మిగిలినదని చూచియు మరల వేసినచో డబ్బిచ్చి విషమును కొన్నట్లే.

అమ్మోనియా విషబలము పి.హెచ్.ను బట్టి మారును. మంచినీటిలో 30 డిగ్రీల వేడిమి వద్ద పి.హెచ్. 7 ఉన్నచో మొత్తము అమ్మోనియాలో విషరూపమున ఉండునది ఒక శాతము లోపు. పి.హెచ్. 8 అయినచో 7 శాతము పైన. 9 అయినచో 45 శాతమునకు చేరువ. ఉప్పు నీటిలో ఈ అంకెలు కొంచెము తగ్గును గాని తీరు ఇదియే. కాబట్టి పి.హెచ్. హెచ్చుగ నుండు మధ్యాహ్నము వేళ అమ్మోనియాను, ప్రాణవాయువు తక్కువగ నుండు తెల్లవారుజామున ప్రాణవాయువును పరీక్షించవలెను. ఉప్పు తక్కువైన నీటిలో నైట్రైటు ఎక్కువ హాని చేయును. బోరు నీటి రైతులు దీనిని మరువరాదు.

5. అతినీలలోహిత దీపములు, ఓజోన్, ఆర్.ఓ. యంత్రములు

పిల్లను ఉత్పత్తి చేయు హేచరీలలో ఇసుక వడపోతల తరువాత ఈ దీపములను వాడుదురు. అచ్చట నీరు తక్కువ, తేట ఎక్కువ. దీపపు కిరణము మడ్డి నీటిలో చొరజాలదు. గుంట నీటికి ఇది తగదు. ఓజోన్ ఉప్పు నీటిలో బ్రోమిన్ సంబంధమైన శేషములను పుట్టించును; శిక్షణ లేనివారు దానిని వాడరాదు. ఆర్.ఓ. యంత్రము ఉప్పును తొలగించుటకు ఉద్దేశించినది. రొయ్యకు కావలసిన ఉప్పును ఖర్చు పెట్టి తీసివేయుటలో అర్థము లేదు.

ఎన్నిక క్లుప్తముగ

ఏరు, కాలువ నీరు: వల, నిల్వ, బ్లీచింగు — మూడును కావలెను. ఒక్కటియు విడువరాదు.

సముద్రపు నీరు: వల, నిల్వ తప్పవు. చుట్టుప్రక్కల రొయ్యల గుంటలున్నచో బ్లీచింగు కూడ చేయవలెను.

బోరు నీరు: ఏరేటరుతో నిల్వ. ఇనుము ఎక్కువైనచో తేర్చి పైనీటిని మాత్రమే తీసికొనవలెను. లవణములను పరీక్షించి పొటాషియమును సరిచేయవలెను.

పంట ఉన్న గుంట, నీరు ఏదైనను: ఏరేటరు, క్షారత, మేత అదుపు.

పెట్టుబడి తక్కువగనున్న రైతు మొదట వలకు, పరీక్షకు, నిల్వకు ఖర్చు పెట్టవలెను. తరువాత ఏరేటర్లకు. సీసాల మందులకు చివర. ఇంకను డబ్బు చాలనిచో పిల్ల సంఖ్యను తగ్గించవలెను. నీరు మోయగలిగినంత పంటయే వేయవలెను.

ఇంటి అద్దపు తొట్టికి

పాఠశాలలలో, ఇండ్లలో అద్దపు తొట్టి పెట్టుకొనువారికి ఇదే సూత్రము వర్తించును. రెండు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్లు పట్టును. దీనికి చిన్న గాలిపంపుతో పనిచేయు స్పంజి వడపోత చాలును. కుళాయి నీటిలో క్లోరిన్ ఉండును గనుక వెడల్పు పాత్రలో ఒక పగలు, ఒక రాత్రి ఉంచి, వాసన పోయిన తరువాత పోయవలెను. వారమునకొకసారి నాలుగవ వంతు నీటిని మార్చవలెను. స్పంజిని కుళాయి క్రింద కడుగరాదు. దానిపై జీవులు చచ్చును. తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండవలెను.

తీరగ్రామములలో బోరు నీరు ఉప్పగ, గరుకుగ ఉండును. త్రాగుటకు కొను డబ్బా నీటిలో లవణములు మరీ తక్కువ. ఆ నీటిని మాత్రమే పోసినచో పి.హెచ్. నిలకడగ ఉండదు. రెండును కలిపి పోయవచ్చును. అంతకంటె సులభము నీటికి తగిన చేపను ఎన్నుకొనుట. గరుకు నీటిని గప్పీలు, మోలీలు హాయిగ ఓర్చుకొనును. మోలీలు కొంత ఉప్పును కూడ ఓర్చుకొనును.

వెలుపలికి పోవు నీరు

నీటిశుద్ధి అనగా లోనికి వచ్చు నీటిని శుద్ధిచేయుట మాత్రమే కాదు. మీ గుంట మురుగు ఏటిలో కలిసినచో మీ పొరుగువాని పంపు దానిని తోడును. అతని మురుగును మీ పంపు తోడును. దిగువవాడు వదలినది పోటు వేళ ఎగువకు కూడ ఎక్కును. ఏటి మీద ఎగువ దిగువలు లేవు.

పంట తీయునప్పుడు చివరకు వచ్చు నీటిలోనే మడ్డి అధికము. దానిని నేరుగ వదలక, వేరొక గుంటలో నిలిపి తేర్చవలెను. తరువాత బొంతలు, పాలబొంతలు, ఆలిచిప్పలు, సముద్రపు నాచు పెంచు గుంట గుండా పోనిచ్చినచో మిగిలిన మలినమును అవి కొంతవరకు తినివేయును. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము క్రింద వెలువడిన మార్గదర్శకములు ఇట్టి శుద్ధి గుంటను పెద్ద కమతములకును, 2009 తరువాత వనామి సాగునకును విధించినవి. వదలు నీటిలో తేలాడు మడ్డి లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించరాదనియు, ప్రాణవాయువు 3 మిల్లీగ్రాములకు తగ్గరాదనియు వానిలో కలదు.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష రోగము వచ్చిన దినమున ఎదురగును. తెల్లమచ్చలు కనిపించగనే తూము ఎత్తి, దొరికిన రొయ్యలను పట్టి అమ్ముకొనుటకు తొందర కలుగును. నష్టపడిన రైతు తొందరను ఎవరును తప్పుపట్టజాలరు. కాని ఆ తూము ఎత్తిన మరుసటి పోటుకు ఆ వైరసు పది మంది గుంటలకు చేరవచ్చును. కాబట్టి తూము మూసి, వలలతో పట్టి, నీటికి బ్లీచింగు వేసి, క్లోరిన్ పూర్తిగ పోవువరకు నిల్వ ఉంచి, ఆ తరువాతనే వదలవలెను. చచ్చిన రొయ్యలను ఏటిలో పారవేయక, గట్టునకు దూరముగ సున్నముతో పాతిపెట్టవలెను. పొరుగువారికి వెంటనే తెలుపవలెను. తెలిసిన పొరుగువాడు తన పంపును ఆపుకొనును. దాచినచో తరువాత పంటలో అదే రోగము తిరిగి మీ గుంటకే వచ్చును.

గ్రామోద్యోగులకు

ఒక రైతు ఒంటరిగ చేయజాలని పని ఇందులో కలదు. దానిని గ్రామములోని మత్స్య సహాయకులు, రెవెన్యూ ఉద్యోగులు, పంచాయతి సభ్యులు కూడి జరిపించవలెను.

ఒకే ఏటిపై ఆధారపడిన రైతులను సమావేశపరచి, నీరు తోడు దినములను, మురుగు వదలు దినములను వేరు వేరుగ నిర్ణయించుకొనునట్లు చేయవలెను. తోడు కాలువ, మురుగు కాలువ వేరుగ ఉండవలెను. ఊరికంతకు ఒక పరీక్ష పెట్టె ఉన్నచో చిన్న రైతులకు మేలగును.

గుంటలకు అనుమతి కోరు దరఖాస్తు వచ్చినప్పుడు దూరములను కొలిచి చూడవలెను. చట్టము క్రింద తొలుత ఇచ్చిన మార్గదర్శకముల ప్రకారము 500 జనాభా లోపు పల్లెకు 100 మీటర్లు, అంతకు మించిన ఊరికి 300 మీటర్లు, త్రాగునీటి వనరునకు 100 మీటర్లు దూరము విడువవలెను. వాన నీరు పారు సహజమైన వాగులకు అడ్డముగ గట్లు వేయనీయరాదు. 2023లో ఆ చట్టమునకు సవరణ జరిగినది గనుక అమలులోనున్న నిబంధనలను మత్స్యశాఖ కార్యాలయము నుండి తెలిసికొని రైతులకు చెప్పవలెను. గుంటల ప్రక్క బావుల నీటిని ఏటేట వేసవిలో పరీక్ష చేయించి, ఉప్పదనమును ఒక పుస్తకమున వ్రాసి ఉంచవలెను. మొదటి సంవత్సరపు అంకె లేనిచో, బావి ఉప్పబారినదో లేదో పదవ సంవత్సరమున ఎవరును తేల్చజాలరు.

రైతు సోదరులారా! వచ్చు పంటకు గుంటను సిద్ధము చేయుటకు ముందు ఒక సీసాలో మీ నీటిని పట్టి పరీక్షకు పంపుడు. ఫలితము చేతికి వచ్చిన తరువాతనే ఏ పద్ధతి కావలెనో నిర్ణయించుకొనుడు. వలను కట్టుడు, నీటిని నిలుపుడు, పొడి బలము చూచి కొనుడు, వదలు నీటిని తేర్చి వదలుడు. ఏరు ఒక్కటే, దాని ఒడ్డున బ్రతుకువారు అనేకులు. మీ తూము గుండా మంచి నీరు వెలుపలికి పోయినప్పుడే మీ పంపునకు మంచి నీరు అందును.